ప్రయాణంలో రిమోట్ డెస్క్‌టాప్: హోటల్ వైఫై కన్నా ముందు ఆఫీసు రూటర్ చూసుకోండి

మీరు అడిగింది ఇది. విజయవాడలో మీ ఆడిట్ ఆఫీసు. అందులో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ నడిచే విండోస్ కంప్యూటర్ ఒకటి. పని మీద మీరు తరచు హైదరాబాద్, అప్పుడప్పుడు దుబాయ్ వెళ్తారు. రాత్రిపూట హోటల్ వైఫై మీద రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఆఫీసు కంప్యూటర్‌లో మిగిలిన పని పూర్తి చేసుకుంటారు. నెట్ కనెక్షన్ ఇచ్చినతను రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి ఒక పోర్ట్ నంబరుకు, అంటే ఒక తలుపు నంబరుకు, వచ్చేవారిని నేరుగా ఆఫీసు కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు) పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్‌కు మామూలుగా ఉండే 3389 బదులు 33890 అని మార్చి, ఇక ఎవరికీ తెలియదని భరోసా ఇచ్చాడు. హోటల్ వైఫైలో ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టేస్తారా, ప్రకటనల్లో కనిపించే వీపీఎన్ యాప్ ఒకటి కొంటే సరిపోతుందా అన్నవి మీ సందేహాలు.

చిన్న ఆఫీసుల నెట్‌వర్క్‌లు చూసుకోవడం చాలా ఏళ్లుగా నా పని. ఆ అనుభవంతో ముందుగా చెప్పేది: ఆ పోర్ట్ ఫార్వర్డింగ్‌ను ఈ రోజే తీయించండి. మిగతా జవాబు తీరిగ్గా రేపు చదివినా నష్టం లేదు. హోటల్‌లో మీరుండేది ఒకటి రెండు రాత్రులు. అక్కడ మీ మీద కన్నేసేవాడు అదే భవనంలో, అదే సమయానికి ఉండాలి. రూటర్‌లో తెరిచిపెట్టిన పోర్ట్ అలా కాదు. అది వీధి వైపుకు తెరుచుకునే తలుపు. మీరు ఊళ్లో ఉన్నా లేకపోయినా, సంక్రాంతి సెలవుల్లోనూ, అర్ధరాత్రిళ్లూ, ప్రపంచంలో ఏ మూలనుంచైనా ఎవరైనా వచ్చి తట్టి చూడవచ్చు.

నంబరు మార్చాం కదా అంటారేమో. ఇంటర్నెట్‌లో కనెక్షన్లకు ఇచ్చే చిరునామాల్లో ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్న ఐపీవీ4 రకానివి మొత్తం సుమారు 430 కోట్లు. 2013లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జీమ్యాప్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. ఒక్క కంప్యూటర్, ఒక గిగాబిట్ కనెక్షన్ ఉంటే ఏదైనా ఒక పోర్ట్ కోసం ఈ చిరునామాలన్నిటినీ 45 నిమిషాల లోపే వెతకవచ్చని చూపించారు. అది పదేళ్ల కిందటి మాట. ఒక చిరునామా మీద ఉండగల పోర్ట్‌లు 65,535. వాటన్నిటినీ తడిమి చూడడం యంత్రానికి పెద్ద పనేమీ కాదు. పైగా ఏ నంబరు మీద పెట్టినా పలకరించగానే తాను రిమోట్ డెస్క్‌టాప్‌నని ఆ సర్వీసు తన పద్ధతిలో బదులిస్తుంది. 2009 నుంచి ఉన్న షోడన్ వంటి వెతుకులాట సైట్లు ఇలాంటి బదుళ్లనే పోగుచేసి చూపిస్తాయి. అయిదంకెల నంబరు పెడితే రొద కొంచెం తగ్గుతుంది, అంతకు మించి రక్షణ రాదు.

నమ్మకం కలగకపోతే మీ ఆఫీసు కంప్యూటర్‌లోనే చూడండి. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ తెరవండి. ఎడమ వైపు విండోస్ లాగ్స్, దాని కింద సెక్యూరిటీ. కుడి వైపున ఫిల్టర్ నొక్కి 4625 అని ఇవ్వండి. లాగిన్ ప్రయత్నం విఫలమైన ప్రతిసారీ విండోస్ రాసుకునే నంబరు అది. పోర్ట్ కొంతకాలంగా తెరిచి ఉన్న కంప్యూటర్లలో ఈ పట్టీ ఎంత కిందికి జరిపినా తరగదు. ఒక్కో పద్దు తెరిచి చూస్తే యూజర్ పేరు దగ్గర అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, స్కాన్, అకౌంట్స్, రిసెప్షన్ అని వరుసగా వస్తుంటాయి. మీ ఆఫీసులో ఎవరూ వాడని పేర్లు. కింద సోర్స్ నెట్‌వర్క్ అడ్రస్ అన్న చోట మీకు సంబంధం లేని ఐపీ చిరునామా ఉంటుంది. లాగాన్ టైప్ 3 అని కనిపిస్తే కంగారు పడకండి. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (పాస్‌వర్డ్ సరిపోయాకే తెర తెరుచుకునే ఏర్పాటు) పెట్టిన కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నాలు విఫలమైతే అలాగే నమోదవుతాయి. ఆ తర్వాత ఇదే ఫిల్టర్‌లో 4624 ఇచ్చి చూడండి. అది లోపలికి వచ్చిన లాగిన్ల పట్టీ. అందులో టైప్ 10 అని ఉండి, మీరు నిద్రపోతున్న వేళ, మీది కాని చిరునామా నుంచి ఒక్కటి కనిపించినా ఆ కంప్యూటర్‌ను వెంటనే నెట్ నుంచి విడదీసి నిపుణులకు చూపించాలి. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు.

పాస్‌వర్డ్ బలంగా ఉంటే చాలనేది రెండో అపోహ. 2018 మార్చిలో అమెరికాలోని అట్లాంటా నగర పాలక సంస్థ కంప్యూటర్లను స్తంభింపజేసిన శామ్‌శామ్ ర్యాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ముఠాకు, బయటికి తెరిచిన రిమోట్ డెస్క్‌టాప్‌ల మీద పాస్‌వర్డ్‌లు ఊహించి దూరడం బాగా అలవాటైన దారి. అలాంటివారి నుంచి బలమైన పాస్‌వర్డ్ కాపాడుతుంది, నిజమే. కానీ 2019 మేలో బయటపడిన బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. లాగిన్ తెర దాకా కూడా రాకుండానే కంప్యూటర్ చేతికి చిక్కేది. విండోస్ 7, దానికి ముందు వచ్చినవి దాని బారిన పడ్డాయి. ప్రమాదం ఎంత పెద్దదంటే, అప్పటికి మద్దతు ముగిసి అయిదేళ్లయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది. అదే ఏడాది ఆగస్టులో విండోస్ 10ను కూడా తాకే అలాంటి లోపాలు మరికొన్ని బయటపడ్డాయి. రేపు మరొకటి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మన దగ్గర ఆడిట్ ఆఫీసుల్లో, మందుల హోల్‌సేల్ దుకాణాల్లో టాలీ కోసమని విండోస్ 7 కంప్యూటర్లను ఇంకా నడిపిస్తూనే ఉన్నారు. దానికి మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది. విండోస్ 10కి మామూలు మద్దతు కూడా 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీది వీటిలో ఏదైనా అయితే కంప్యూటర్‌ను కొత్త విండోస్‌కు మార్చే దాకా బయటినుంచి వాడే ఆలోచన పక్కన పెట్టండి.

ఇప్పుడు హోటల్ వైఫై సంగతి. అక్కడ ప్రమాదం లేదని కాదు. కాకపోతే ప్రచారంలో ఉన్నంత లేదు. మీరు కనెక్ట్ అయినప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ తనంతట తాను ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటుంది, అంటే డేటాను ఇతరులు చదవలేని రూపంలోకి మారుస్తుంది. పక్క గదిలో ఉన్నవాడు గాలిలోని తరంగాలు పట్టుకుని మీ పాస్‌వర్డ్ చదవలేడు. అతనికి దారి దొరికేది మరో చోట. కనెక్ట్ అయ్యేటప్పుడు ఒక పెట్టె వస్తుంది. ఈ రిమోట్ కంప్యూటర్ ఎవరో నిర్ధారించలేకపోతున్నాం, అయినా కనెక్ట్ అవుతారా అని అడుగుతుంది. రోజూ చూసి చూసి అందరూ దానికి అవునని నొక్కేస్తారు. మీ ఆఫీసు కంప్యూటర్ తనకు తానే రాసుకున్న సర్టిఫికెట్ (గుర్తింపు పత్రం) వాడుతుంది కాబట్టి మామూలు రోజుల్లోనూ ఆ పెట్టె వస్తుంది. మధ్యలో ఎవరైనా దూరి తన కంప్యూటర్‌నే మీ ఆఫీసు కంప్యూటర్‌గా చూపినా అచ్చం అదే పెట్టె వస్తుంది. ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగానే దొరుకుతాయి.

అందుకే ఆఫీసులో ఉన్నప్పుడే, ఆఫీసు నెట్‌వర్క్ మీదే, మీ ల్యాప్‌టాప్ నుంచి ఒకసారి కనెక్ట్ అవ్వండి. ఆ పెట్టెలో సర్టిఫికెట్ చూపించే బటన్ నొక్కి, థంబ్‌ప్రింట్ అన్న చోట ఉండే, ఆ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే అంకెలూ అక్షరాల వరుసను డైరీలో రాసుకోండి. తర్వాత ఈ కంప్యూటర్‌కు మళ్లీ అడగవద్దన్న గడిలో టిక్ పెట్టండి. ఆపైన హోటల్‌లో అదే చిరునామాకు కనెక్ట్ అయినప్పుడు ఆ పెట్టె మళ్లీ కనిపించిందంటే ఏదో మారినట్టే. ఆ సర్టిఫికెట్‌ను విండోస్ సుమారు ఆరు నెలలకోసారి తనే మార్చుకుంటుంది కాబట్టి కారణం అమాయకమైనది కావచ్చు. అయినా అవునని నొక్కకండి. ఆఫీసులో ఎవరికైనా ఫోను చేసి కొత్త థంబ్‌ప్రింట్ చదివించుకుని, రెండూ కలిస్తేనే ముందుకు వెళ్లండి.

వీపీఎన్ యాప్ కొంటే సరిపోతుందా అన్నారు. మీరనుకున్న పని అది చేయదు. ప్రకటనల్లో వచ్చే వీపీఎన్‌లు మిమ్మల్ని హోటల్ నుంచి తమ సర్వర్ దాకా ఎన్‌క్రిప్షన్‌తో తీసుకెళ్తాయి. ఆ సర్వర్ నుంచి మీ ఆఫీసు దాకా ఉన్న దారి మామూలు ఇంటర్నెట్టే. మీ రూటర్‌లో ఆ పోర్ట్ మునుపటిలాగే లోకమంతటికీ తెరిచే ఉండాలి, లేకపోతే మీరే లోపలికి రాలేరు. హోటల్‌వాడి కళ్లు కప్పారు, సరే. ప్రపంచంలోని మిగతావాళ్ల సంగతి మారలేదు. మీకు కావలసిన వీపీఎన్ వేరే రకం. దాని ఒక కొస మీ ల్యాప్‌టాప్‌లో, రెండో కొస మీ ఆఫీసులో ఉండాలి. ఆ రెండు కొసల మధ్య ఏర్పడే ఎన్‌క్రిప్షన్ దారిని టనెల్ అంటారు. ఆ టనెల్ గుండా వచ్చినవారికి తప్ప రిమోట్ డెస్క్‌టాప్ ఉందనే సంగతే బయటికి తెలియకూడదు.

అందుకు రెండు దారులున్నాయి. రూటర్‌లోనే, లేదా ఆఫీసులో ఎప్పుడూ నడిచే చిన్న కంప్యూటర్‌లో, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం మొదటిది. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 కర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) నుంచి అందులోనే చేరి వస్తోంది. ఇందులో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండవు. రెండు వైపులా తాళంచెవుల్లాంటి కీలు ఉంటాయి. సరైన కీ లేకుండా ఎవరు తట్టినా వైర్‌గార్డ్ అసలు బదులే ఇవ్వదు. పోర్ట్‌లు వెతికేవాడికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. నేను మెచ్చుకునే గుణం అదే. మైక్రోటిక్ రూటర్లలో ఏడో తరం సాఫ్ట్‌వేర్ నుంచి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లలో, మరికొన్ని కంపెనీల కొత్త రూటర్లలో ఇది ఉంటుంది. ఒక చిక్కు ముందే చూసుకోండి. ఆఫీసు లోపలి చిరునామాలు 192.168.1 తోనో 192.168.0 తోనో మొదలవుతుంటే, హోటల్ వైఫై కూడా అవే వాడుతుంటే, మీ ల్యాప్‌టాప్ ఆఫీసు కంప్యూటర్‌ను హోటల్ లోపలే వెతుక్కుంటుంది. టనెల్ కలిసిందని చూపిస్తుంది, టాలీ తెర మాత్రం రాదు. ఆఫీసు చిరునామాలను 10.73.40 వంటి అరుదైన వరుసకు మార్చుకుంటే ఆ బెడద ఉండదు.

రెండో దారి టెయిల్‌స్కేల్ వంటి సేవ. లోపల నడిచేది వైర్‌గార్డే, అమరిక పని మాత్రం వాళ్లు చూసుకుంటారు. మీ వంటి ఆఫీసుకు నేను సూచించేది ఇదే. కారణం చెబుతాను. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటినుంచి నేరుగా చేరుకోగల చిరునామా) ఉండదు. ఎందరో వినియోగదారులను ఒకే చిరునామా వెనుక కూర్చోబెడతారు. రూటర్ పేజీలో కనిపించే వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీది అలాంటి కనెక్షనే. అక్కడ సొంత వైర్‌గార్డ్‌కు బయటినుంచి చేరుకోలేరు, నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ చిరునామా) తీసుకోవాలి. మీ నెట్ అతను పోర్ట్ తెరవగలిగాడంటే మీకు పబ్లిక్ ఐపీ ఉన్నట్టే. రేపు కనెక్షన్ మారిస్తే మాత్రం అది ఉండకపోవచ్చు. టెయిల్‌స్కేల్‌కు పబ్లిక్ ఐపీ అక్కర్లేదు, రూటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. రెండు కంప్యూటర్లలోనూ పెట్టి ఒకే ఖాతాతో ప్రవేశిస్తే ఒక్కోదానికి 100 తో మొదలయ్యే చిరునామా వస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆఫీసు కంప్యూటర్ తాలూకు ఆ చిరునామా ఇస్తే చాలు. సొంత వాడకానికి ఉచితం. ఆఫీసు పనికి వాడుతున్నారు కాబట్టి డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవడం సబబు.

పెట్టగానే పనిచేస్తుంది కాబట్టి చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఊరు దాటాక రెండు చోట్ల తగులుకుంటుంది. ఒకటి, విండోస్‌లో టెయిల్‌స్కేల్ గుర్తు మీద నొక్కితే ప్రిఫరెన్సెస్‌లో రన్ అన్‌అటెండెడ్ అని ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్‌లో అది టిక్ చేసి ఉండాలి. లేకపోతే రాత్రి అప్‌డేట్ కోసమో, కరెంటు పోయో కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు, ఎవరో వచ్చి లాగిన్ అయ్యే దాకా టనెల్ లేవదు. రెండోది, ఒక్కో కంప్యూటర్ కీకి మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది. తీరాక మళ్లీ ఆ కంప్యూటర్ దగ్గర కూర్చునే ప్రవేశించాలి. వాళ్ల వెబ్ పేజీలో ఆఫీసు కంప్యూటర్‌కు మాత్రం ఆ గడువు తీసేయండి. మీతో తిరిగే ల్యాప్‌టాప్‌కు అలాగే ఉంచండి.

ఈ పద్ధతిలో ఇంటి తాళాలన్నీ మీరు ప్రవేశించే ఆ ఈమెయిల్ ఖాతాకు చేరతాయి. దానికి రెండో అంచె గుర్తింపు, అంటే పాస్‌వర్డ్ తర్వాత మరో కోడ్ అడిగే ఏర్పాటు, తప్పనిసరి. అది ఎస్ఎంఎస్ ఓటీపీ కాకుండా అథెంటికేటర్ యాప్ అయి ఉండాలి. దుబాయ్‌లో దిగాక రోమింగ్ పనిచేయక ఓటీపీ రాకపోతే మీరే బయట నిలబడతారు. అథెంటికేటర్ యాప్ ఫోనులోని గడియారాన్ని బట్టి 30 సెకన్లకోసారి అంకెలు తయారుచేస్తుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ఆ ఖాతా ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి ఇంట్లో ఒకటి, పర్సులో ఒకటి పెట్టుకోండి.

టనెల్ అయ్యాక ఆఫీసు కంప్యూటర్ మీద కొంచెం పని ఉంది. విండోస్ ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ నియమాలు తెరిచి, స్కోప్ అన్న చోట రిమోట్ ఐపీ కింద, టెయిల్‌స్కేల్ చిరునామాలు వచ్చే వరుస అయిన 100.64.0.0/10 మాత్రమే ఇవ్వండి. అలా చేస్తే రేపు ఎవరైనా తెలియక రూటర్‌లో మళ్లీ పోర్ట్ తెరిచినా ఈ కంప్యూటర్ ఒప్పుకోదు. రూటర్‌లో యూపీఎన్‌పీ ఆపించండి. సాఫ్ట్‌వేర్‌లు ఎవరినీ అడగకుండా తమంతట తాము పోర్ట్‌లు తెరుచుకునేది దాని ద్వారానే. రిమోట్ డెస్క్‌టాప్ అమరికలో నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ తప్పనిసరి చేయండి. బయటినుంచి వాడడానికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా మామూలు హక్కులున్న వేరే ఖాతా చేసుకుని, దాన్ని రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ బృందంలో చేర్చండి. టాలీకి, ఎక్సెల్‌కు అంతకు మించిన హక్కులు అక్కర్లేదు. పాస్‌వర్డ్‌గా ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మధ్యలో అంకె ఒకటి పెట్టుకోండి. సంస్థ పేరు, దాని పక్కన 123 అన్నది మాత్రం వద్దు. కొత్తగా పెట్టిన విండోస్ 11లో పదిసార్లు తప్పితే పది నిమిషాలు ఖాతా బిగుసుకునే ఏర్పాటు ముందే ఉంటుంది. పాతవాటిలో లోకల్ సెక్యూరిటీ పాలసీలోకి వెళ్లి పెట్టుకోవాలి. పోర్ట్ బయటికి తెరిచి ఉంచి దీన్ని పెడితే మాత్రం ఎవరో వేసే తప్పుడు ప్రయత్నాలకు మీ ఖాతా బిగుసుకుపోయి మీరే ఇబ్బంది పడతారు.

విండోస్ హోమ్ ఎడిషన్‌కు బయటినుంచి కనెక్ట్ అవ్వడం కుదరదు, ప్రో ఉండాలి. హోమ్ మీద పనిచేయించే అనధికార సాఫ్ట్‌వేర్‌లు దొరుకుతాయి. లెక్కల కంప్యూటర్ మీద వాటిని పెట్టకండి.

ఇక ప్రయాణంలో. హోటల్ వైఫైలో మొదట గది నంబరు, ఇంటిపేరు అడిగే పేజీ వస్తుంది. అది దాటే దాకా టనెల్ కలవదు. పేజీ రాకపోతే టనెల్ ఆపి, ఎన్‌క్రిప్షన్ లేని ఏదైనా సైటు తెరవండి, దానంతటదే వస్తుంది. ఆ పేజీలో గది నంబరు, ఫోను నంబరు ఇవ్వవచ్చు. జీమెయిల్ పాస్‌వర్డో, ఫేస్‌బుక్ పాస్‌వర్డో అడిగితే అక్కడే ఆపేయండి. 2024లో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు ఒక వ్యక్తి మీద ఇలాంటి కేసే పెట్టారు. విమానాశ్రయాల్లో, విమానాల్లో అసలు వైఫై పేరుతోనే నకిలీ వైఫై పెట్టి, కలిసినవారిని నకిలీ పేజీకి మళ్లించి ఈమెయిల్, సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు సేకరించాడని ఆరోపణ. ఎన్‌క్రిప్షన్ విప్పాల్సిన పని అతనికి రాలేదు. మనుషులే టైప్ చేసి ఇచ్చారు. మీ టనెల్ తాళం ఈమెయిల్ ఖాతాలో ఉందని గుర్తుంచుకుంటే దీని బరువు తెలుస్తుంది. వైఫై కలిసినప్పుడు విండోస్‌లో నెట్‌వర్క్ రకం పబ్లిక్ అని ఉంచండి, పని ముగిశాక ఆ నెట్‌వర్క్‌ను మరిచిపొమ్మని చెప్పండి. వీలైనప్పుడల్లా ఫోను హాట్‌స్పాట్ వాడండి. టాలీ తెరకు పెద్దగా డేటా ఖర్చవదు, సగం తలనొప్పులు అక్కడే పోతాయి.

కొన్ని హోటళ్లలో వైర్‌గార్డ్ డేటా పంపడానికి వాడే యూడీపీ అనే పద్ధతిని ఆపేస్తారు. సొంత వైర్‌గార్డ్ అక్కడ ఆగిపోతుంది. టెయిల్‌స్కేల్ మాత్రం మామూలు వెబ్ సైట్లు వాడే 443 పోర్ట్ మీదుగా, డేటాను మధ్యలో అందిపుచ్చుకుని పంపే తమ రిలే సర్వర్ల ద్వారా వెళ్తుంది. కొంచెం నెమ్మదిస్తుంది, ఎన్‌క్రిప్షన్ మాత్రం రెండు కొసల మధ్యే ఉంటుంది, మధ్యలోని రిలే దాన్ని చదవలేదు. దుబాయ్ గురించి ఒక మాట. యూఏఈ చట్టం నేరం చేయడానికో, దాన్ని దాచడానికో వీపీఎన్ వాడితే శిక్షిస్తుంది, జరిమానా లక్షల దిర్హమ్‌లలో ఉంటుంది. ఆఫీసు పనికి సొంత ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లడం ఆ కోవలోకి రాదు. అక్కడ ఆపేసిన కాలింగ్ సేవల కోసం ఇదే టనెల్ వాడుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు. చైనా వెళ్లే పని పడితే ఈ టనెల్‌లు అక్కడ కలవకపోవచ్చు, ముందే ప్రత్యామ్నాయం చూసుకోండి.

హోటల్ బిజినెస్ సెంటర్‌లోని కంప్యూటర్ నుంచి, బంధువుల ఇంట్లోని కంప్యూటర్ నుంచి ఆఫీసుకు కనెక్ట్ అవ్వకండి. కీబోర్డ్ మీద కొట్టిన ప్రతి అక్షరం రాసుకునే సాఫ్ట్‌వేర్ అందులో ఉంటే టనెల్ ఎంత గట్టిదైనా ఉపయోగం లేదు. ల్యాప్‌టాప్ డిస్క్‌కు బిట్‌లాకర్ (డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఏర్పాటు) పెట్టండి, రిమోట్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ దాచిపెట్టే గడిలో టిక్ పెట్టకండి. లోకల్ రిసోర్సెస్ ట్యాబ్‌లో డ్రైవ్‌లు పంచుకునే ఎంపిక అవసరమైనప్పుడే పెట్టండి. అది ఎప్పుడూ ఉంటే ల్యాప్‌టాప్‌లోని వైరస్ ఆఫీసుకు, ఆఫీసులోనిది ల్యాప్‌టాప్‌కు నడిచిపోతుంది. పని అయ్యాక రిమోట్ డెస్క్‌టాప్ విండో మూసేస్తే సరిపోదు, సైన్ అవుట్ చేయండి. మూసేస్తే లోపల మీ సెషన్ నడుస్తూనే ఉంటుంది.

దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ యాప్‌లు వాడవచ్చా అని మీలాంటివారు చాలామంది అడుగుతారు. వాడవచ్చు, పోర్ట్ తెరిచి ఉంచడం కన్నా ఎంతో మేలు. ఎప్పుడైనా లోపలికి రానిచ్చే శాశ్వత పాస్‌వర్డ్ పెడితే దానికి రెండో అంచె తప్పనిసరిగా పెట్టండి, అనుమతించిన చిరునామాల పట్టీ వాడండి. 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ ఎనీడెస్క్ పేరు చెప్పి హెచ్చరిక ఇచ్చింది. అది సాఫ్ట్‌వేర్‌లోని లోపం గురించి కాదు. ఫోనులో ఆ యాప్ పెట్టించి, కోడ్ అడిగి తీసుకుని ఖాతాలు ఖాళీ చేస్తున్న మోసగాళ్ల గురించి. ఆఫీసులో పనిచేసేవారికి ఈ సంగతి చెప్పి ఉంచండి. మీరు ఊళ్లో లేనప్పుడే బ్యాంకు నుంచి అంటూ ఫోన్లు వస్తాయి.

విజయవాడ ఎండాకాలం కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే అమరికల్లో) కరెంటు పోయి వచ్చినప్పుడు తనే ఆన్ అయ్యే ఎంపిక పెట్టించండి, స్లీప్‌లోకి వెళ్లే అమరిక తీసేయండి, రూటర్‌ను కూడా యూపీఎస్ మీద పెట్టండి. టాలీ డేటా కాపీ ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో తీసి, డిస్క్‌ను కంప్యూటర్ నుంచి విడదీసి ఉంచండి. ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్క్‌ను ర్యాన్సమ్‌వేర్ అసలు డేటాతో పాటే పాడుచేస్తుంది. మీ దగ్గర ఉన్నవి క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు. ఏదైనా సైబర్ దాడి జరిగితే, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఆ సంగతి తెలిసిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయాలి.

బయలుదేరే ముందు రోజు ఆఫీసు వైఫై ఆపి, ఫోను హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్‌తో రెండు సార్లు ప్రయత్నించండి. మొదట టనెల్ ఆపి, ఆఫీసు పాత పబ్లిక్ చిరునామాకు, 33890కి. లాగిన్ పెట్టె వచ్చిందంటే పోర్ట్ ఇంకా తెరిచే ఉంది, నెట్ అతన్ని మళ్లీ పిలవండి. తర్వాత టనెల్ కలిపి 100 తో మొదలయ్యే చిరునామాకు. ఈసారి రావాలి. ఆపైన ఆఫీసు కంప్యూటర్‌ను అక్కడినుంచే రీస్టార్ట్ చేసి, ఎవరూ ముట్టుకోకుండా మళ్లీ కలుస్తుందో లేదో చూడండి. రన్ అన్‌అటెండెడ్ టిక్ మరిచిపోయారో లేదో ఆ పరీక్షలోనే తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్ పోయిందనుకోండి. టెయిల్‌స్కేల్ వెబ్ పేజీలో మెషీన్ల పట్టీలోంచి దాన్ని తొలగించాలి, వైర్‌గార్డ్ అయితే రూటర్‌లో దాని కీ తీసేయాలి. ఆ క్షణం నుంచి అది ఆఫీసును చేరలేదు. ఫోను కూడా అదే సంచిలో పోతే మీరు ఈ పని చేయలేరు. అందుకని ఆఫీసులో నమ్మకమైన ఒకరికి ఆ పేజీలో అడ్మిన్ హక్కు ఇచ్చి, ఏ మెషీన్ తొలగించాలో మీరు ఊళ్లో ఉండగానే ఒకసారి చేయించి చూపించండి. వారి ఫోను నంబరు మీకు నోటికి వచ్చి ఉండాలి.